శిథిల మఠములు – చిత్తరువుల సాక్ష్యము



నేటి నా ప్రసంగవిషయము మీకు కొంచెము వింతగా తోపవచ్చును. ఇంగ్లండు ప్రక్కనున్న వేల్సు దేశమున పాడుపడిన ఒక క్రైస్తవ మఠమును గూర్చియు, దానిని నీటిరంగులతో లిఖించిన ఒక యువ చిత్రకారుని గూర్చియు ముందుగా చెప్పెదను. ఆ పిమ్మట మన కృష్ణాతీరమునందలి అమరావతీ మహాచైత్యమునకు వచ్చెదను. ఆమడగూరు పంతులకు వేల్సు మఠముతో నేమి పని యని మీరడుగవచ్చును. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము, కదిరి ప్రాంతములలో కూలిన గుడియో, ఒరిగిన మండపమో, పొలముగట్టున వీరగల్లో లేని గ్రామము అరుదు. నిత్యమును చూచుచున్న వానిని మనము నిజముగా చూచుచున్నామా? చూచినచో నే కన్నుతో చూడవలెను? ఈ ప్రశ్నకు ఆ రెండు కథలును కలిసి యొక సమాధానము చెప్పుచున్నవి. ఆ సమాధానము మనకు మిక్కిలి పనికివచ్చునది.

ఇంగ్లండునకును వేల్సునకును పొలిమేరగా ప్రవహించు వై అను నది యొడ్డున టింటర్ను అను మఠము గలదు. అది 1131వ సంవత్సరమున స్థాపింపబడెను. అందు నివసించినవారు సిస్టర్షియనులను శాఖకు చెందిన క్రైస్తవ యతులు. వారు తెల్లని అంగీలు ధరించువారు. పట్టణములకు దూరముగా, నీటి సదుపాయముగల లోయలలో నివసించి, పొలములు సాగుచేయించి, గొఱ్ఱెలను పెంచి, దినమునకు పలుమారులు ప్రార్థనలు సలుపువారు. మన మఠములకు మాన్యములున్నట్లే వారికిని దాతలిచ్చిన భూములుండెను. ఆ రాబడితో 1269లో మొదలిడి 1301 నాటికి ఒక గొప్ప దేవాలయమును కట్టుకొనిరి. నాలుగు వందల యేండ్లు ఆ లోయలో వారి గంట మ్రోగుచు వచ్చెను.

1534లో ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ రోమునందలి పోపుతో తెగతెంపులు చేసికొని, తన దేశమందలి క్రైస్తవ సంఘమునకు తానే యధిపతి ననెను. బొక్కసమునకు ధనము కావలసియుండెను, మఠములకు భూములుండెను. ఏటికి 200 పౌనులకు లోబడిన రాబడిగల మఠములను మూయవలసినదని 1536లో శాసనము పుట్టెను. టింటర్ను మఠపు రాబడి దానికి కొంచెము లోపుగా తేలినందున, ఆ సెప్టెంబరు నెలలోనే మఠాధిపతి తాళములప్పగించెను. భూములు వూస్టరు ప్రభువునకు దక్కినవి. దేవాలయపు కప్పుపై పరచియున్న సీసపు రేకులను ఊడదీసి, కరగించి, అమ్మిరి. కప్పుపోయిన కట్టడమునకు వేరే శత్రువక్కరలేదు. వాన చాలును.

మన ప్రాంతపు పెద్దలు ఇచట కాలమును సరిచూచుకొనవలెను. విజయనగరమున అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వరకు రాజ్యమేలెను. ఆ దినములలోనే మన లేపాక్షిలో విరుపణ్ణ వీరభద్రాలయమును కట్టించి, మండపపు లోకప్పుల నిండ చిత్తరువులు వ్రాయించెను. ఇచట కప్పులమీద రంగులు పూయుచున్న యేండ్లలోనే అచట కప్పులు ఊడదీయుచుండిరి. తరువాత ముప్పదియేండ్లు గడవకముందే, 1565లో, విజయనగరమునకును ఆ గతియే పట్టెను. తిరుమలరాయలు సింహాసనమును మన పెనుకొండకు తెచ్చుకొనవలసివచ్చెను. కాలచక్రమునకు ఖండముల భేదము లేదు.

టింటర్ను దేవాలయము రెండున్నర శతాబ్దములు అట్లే నిలిచియుండెను. గోడలపై తీగలల్లుకొన్నవి. కిటికీలలో అద్దములు పోయి ఆకాశము కనబడుచుండెను. చుట్టుపట్ల బీదవారు ఆ గోడల నానుకొని గుడిసెలు వేసికొనిరి. కొంతకాలము దానిని గౌరవించినవారు లేరు. పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మాత్రము ఇంగ్లండు రసికులలో నొక క్రొత్త అభిరుచి మేల్కొనెను. నున్నని క్రొత్త భవనముకంటె పగిలిన గోడ మనస్సును ఎక్కువగా కదలించునని వారు కనుగొనిరి. నరుని గర్వము ఎంత స్వల్పకాలికమో శిథిలము మాటలాడకయే చెప్పుననిరి. విలియం గిల్పిన్ అను మతాచార్యుడు 1770లో వై నదిపై పడవలో ప్రయాణము చేసి, తాను చూచిన దృశ్యములను గూర్చి 1782లో ఒక గ్రంథము ప్రకటించెను. దానిని చేతబట్టుకొని జనులు గుంపులుగా టింటర్నుకు పోసాగిరి. 1793లో ఫ్రాన్సుతో యుద్ధము మొదలై విదేశయాత్రలకు దారి మూసికొనిపోగా, స్వదేశమందలి శిథిలములకు ఆదరము మరింత హెచ్చెను. ఈ మనోధోరణికి రొమాంటిక్ ఉద్యమమని పేరువచ్చినది. మన తెలుగువారు దీనిని కాల్పనికోద్యమమందురు. మన భావకవులు ఏకాంతమును, వెన్నెలను, నదీతీరమును ఏ దృష్టితో చూచిరో, ఆ దృష్టి అచట శిథిలములమీదికిని ప్రసరించినదని గ్రహించిన చాలును.

జోసెఫ్ టర్నరు అను చిత్రకారుడు 1775లో లండనులో నొక మంగలి యింట జన్మించెను. 1792లో, పదునేడేండ్ల ప్రాయమున, వేల్సు ప్రాంతమునకు పోయి టింటర్నును చూచి, సీసపు కడ్డీతో రేఖాచిత్రములు గీచికొనెను. ఇంటికి వచ్చి వానినిబట్టి నీటిరంగుల చిత్తరువులు వ్రాసెను. అందొకటి 1794 నాటిది. నేను దాని ముద్రిత ప్రతిని చాలసేపు చూచితిని. మూలచిత్రము జానెడుకంటె కొంచెము వెడల్పు, జానెడున్నర పొడవుగల కాగితము మాత్రమే. అంత చిన్న కాగితములో దేవాలయము మధ్యభాగమునుండి తూర్పు కిటికీవైపు చూచు దృశ్యమున్నది. బ్రహ్మాండమైన రాతి కమానులు పైకి లేచి పోవుచున్నవి. వానికి మీద కప్పు లేదు. కప్పుండవలసినచోట నీలాకాశమున్నది. గోడల అంచులనుండి ఆకుతీగలు తోరణములవలె వ్రేలాడుచున్నవి. దగ్గరి రాళ్లకు వెచ్చని మట్టివన్నె; దూరపు రాళ్లకు చల్లని నీలివన్నె. స్తంభముల పాదములకడ నరులు బొమ్మలంత చిన్నగా నగపడుదురు.

నీటిరంగు చిత్రమనగా నేమియో ఒకమాట చెప్పవలెను. రంగుపొడిని మన తుమ్మబంకవంటి బంకతో నూరి, నీట కలిపి, కాగితముపై పలుచగా పారించుదురు. లేపాక్షి చిత్రకారులు సున్నపు పూత వేసి, దానిపై రంగులను నిండుగా నద్ది, నల్లని రేఖతో ఆకారములను తేల్చిరి. నీటిరంగు పద్ధతి దానికి భిన్నమైనది. ఇందు వెలుగునకు ప్రత్యేకముగ రంగు లేదు. తాకక విడిచిన కాగితపు తెలుపే వెలుగు. ఒకమారు చీకటిచేసిన చోటికి వెలుగును మరల తెచ్చుట కడు కష్టము. కావున కుంచె పట్టక పూర్వమే ఏ భాగమును ముట్టరాదో చిత్రకారునికి తెలిసియుండవలెను. కప్పులేని కట్టడములోనికి ఎండ దిగుటను చూపుటకు ఇంతకు మించిన సాధనము దొరకదు. అందుచేతనే శిథిలములను వ్రాసినవారిలో పెక్కురు నీటిరంగులను ఆశ్రయించిరి.

ఆ చిత్తరువు అందమైనదనుటకు సందేహము లేదు. ఐనను దానియందు లేనిదేమియో కూడ మనము చూడవలెను. గిల్పిన్ గ్రంథములోనే టింటర్ను గ్రామపు దారిద్ర్యము వర్ణింపబడినది. శిథిలముల నడుమ బిచ్చమెత్తి బ్రదుకువారును, తమ గుడిసెను మఠపు గ్రంథాలయమని చెప్పి చూపించి కానులడుగువారును అచటనుండిరి. అరమైలు దూరమున ఇనుపపని కొలుములు మండుచుండెను. ఆ పొగయు, ఆ బిచ్చగాండ్రును చిత్తరువులోనికి రాలేదు. గిల్పిన్ ఇంకను ముందునకు పోయి, గోడల కొనలు మరీ తిన్నగా నున్నవనియు, ఎవరైన తెలిసినవారు సుత్తెతో కొంచెము పగులగొట్టినయెడల దృశ్యము ఇంకను రమ్యముగా నుండుననియు వ్రాసెను. చమత్కారముగానే వ్రాసియుండవచ్చును. కాని ఆ మాటలో నొక అపాయమున్నది. శిథిలమును అందమునకై మాత్రమే ప్రేమించువానికి అది ఇంకను శిథిలమగుట నష్టముగ తోపదు. మఠాధిపతుల పేర్లేవి, ఏ స్తంభము ఎన్ని అడుగులు, ఏ రాతిపై ఏ గుర్తు గలదను ప్రశ్నలు వానికి పుట్టవు.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. టర్నరు ఆ చిత్తరువు వ్రాసిన మూడేండ్లకు, 1797లో, కంపెనీవారి కొలువులో ఇంజనీరుగానుండిన కాలిన్ మెకంజీ అను దొర గుంటూరుసీమయందలి అమరావతికి వచ్చెను. ఆయన స్కాట్లండునకు వాయవ్యముగా నున్న లూయిస్ దీవిలో జన్మించినవాడు. ఆ సమయమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి, కృష్ణ యొడ్డున అమరేశ్వరుని సన్నిధిని క్రొత్త పట్టణము కట్టించుచుండెను. పట్టణమునకు రాళ్లు కావలెను. ధరణికోట చెంత దీపాలదిన్నె యను నొక మట్టిదిబ్బ యుండెను. అందు త్రవ్వగా తెల్లని చలువరాతిపలకలు బయటపడినవి. అవి తామరపూలతోను, ఏనుగులతోను, గుఱ్ఱములతోను, స్త్రీపురుషుల రూపములతోను నిండియుండెను.

ఆ దిబ్బయే బౌద్ధుల మహాచైత్యము. క్రీస్తునకు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలమున శిల్పములతో నలంకరింపబడి, పలు శతాబ్దములు భిక్షువులకు నిలయమైన క్షేత్రమది. ప్రదక్షిణమార్గము చుట్టునున్న రాతికంచె యొక్క వ్యాసమే యించుమించు 190 అడుగులు. టింటర్ను యతులు ఏటియొడ్డున నెట్లు నివసించిరో, అంతకు వేయేండ్లకు పూర్వమే మన బౌద్ధభిక్షువులు కృష్ణయొడ్డున నట్లు నివసించిరి. అచట మఠమును రాజశాసనము మూసెను. ఇచట దాతల యాదరము క్రమముగా తగ్గి, జనులు మఱచి, మన్ను కప్పినది. దానికి దీపాలదిన్నె యను పేరుమాత్రము జనుల నాలుకపై మిగిలినది.

మెకంజీ తొలిసారి అచట నిలిచినది స్వల్పకాలమే. తాను చూచిన శిల్పములను గూర్చి ఆయన వ్రాసినది 1807లో ఆసియాటిక్ సొసైటీవారి పత్రికలో అచ్చుపడెను. తరువాత 1816లో ఆయన మరల వచ్చెను. ఈ నడుమ దిబ్బ మధ్యభాగమును త్రవ్వించి దానిని కోనేరుగా మార్చదలచిరి. పెక్కు పలకలు చెదరిపోయినవి. కొన్ని క్రొత్త కట్టడములలోనికిని, కోనేటి మెట్లకును పోయినవి. ఆ స్థితిని చూచి మెకంజీ తన చిత్రకారులను అచట నిలిపి పని చేయించెను. ఆ రాయి యెంత పొడవు, యెంత వెడల్పు, దానిపై నేమున్నది, అక్షరములున్నచో అవి యెట్టివి, దొరికిన చోటు ఏది యని పరిశీలించి, వారు పలకలను ఒక్కొక్కదానిగా గీచిరి. దిబ్బకు పటము వేసిరి. 1816 మొదలు కొలది యేండ్లలో వారు సిద్ధపరచిన 85 చిత్రముల సంపుటము నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగ నున్నది.

ఆ చిత్రములలో గాలి లేదు, ఆకాశము లేదు, వ్రేలాడు తీగలు లేవు. మసితోను పలుచని వన్నెలతోను గీచిన రాయి మాత్రమే యున్నది. టర్నరు చిత్తరువు ప్రక్కన నుంచినచో సామాన్యులు వీనివైపు చూడరేమో. కాని తరువాతి చరిత్రను వినుడు. 1845లో వాల్టర్ ఎలియట్ దొర మరికొంత త్రవ్వించి, దొరికిన శిల్పములను చెన్నపట్టణమునకు పంపించెను. అందు పెక్కు 1859లో ఓడలో లండనుకు పోయినవి. 1877లో రాబర్టు స్యూయెల్ దొర త్రవ్వించెను. 1880లో, మహాచైత్యమును పూర్తిగా బయలుపరుప నెంచిన ప్రభుత్వాజ్ఞచే, దిబ్బనంతయు త్రవ్విపోసిరి. మరుసటియేట పురావస్తుశాఖకు చెందిన జేమ్సు బర్జెస్ వచ్చి చూచునప్పటికి మహాచైత్యమున్నచోట ఒక పెద్ద గొయ్యియు, చుట్టును చెల్లాచెదరైన రాళ్లును మాత్రమే మిగిలియుండెను.

ఈ తొంబదియేండ్ల లోపల ఎన్ని పలకలు పోయినవో! ఆ రాయి సున్నపురాయి జాతిది. కాల్చినచో మంచి సున్నమగును. కావున శిల్పమున్న పలకలు కూడ కొన్ని సున్నపుబట్టీలలోనికి పోయినవి. బుద్ధుని పూజించు రూపములు ఇండ్లగోడలకు వెల్లగా మారినవి. కాల్చినవానికి ద్వేషము లేదు. అతనికి కావలసినది సున్నము. ఆ రాయి యేమియో అతనికి చెప్పినవారు లేరు. మెకంజీ చిత్రకారులు గీచిన పలకలలో నేడు ఏ వస్తుప్రదర్శనశాలయందును కానరానివి గలవు. అవి ఆ కాగితముమీద మాత్రమే జీవించియున్నవి. ఆ సంపుటమే లేకున్నచో అట్టి శిల్పములు ఉండెననియే మనకు తెలియకపోవును. చెన్నపట్టణపు ప్రదర్శనశాలలోను, లండను బ్రిటిషు మ్యూజియములోను, అమరావతిలోను విడివిడిగానున్న ముక్కలను పండితులు మనసులో కలిపి, మహాచైత్యము ఇట్లుండెనని ఊహించుటకు ఆ చిత్రములు ముఖ్యాధారములలో నొకటియైనవి.

ఇందువలన టర్నరు పని వ్యర్థమని నేననను. అందమైన చిత్తరువు చేసిన మేలు వేరు. టింటర్ను చిత్తరువులు ఇంటింట వ్రేలాడినందున, దానిని కన్నుల చూడని వారికిని అది తమదను మమకారము కలిగెను. ఆ ప్రసిద్ధియే రక్షణకు దారితీసెను. 1901లో ఆంగ్ల రాజ్యాధికారము ఆ మఠమును కొనెను. తరువాత చిత్రకారులు మెచ్చిన తీగలనే తొలగించి, గోడలను బలపరచిరి. ఏలయన ఆ తీగల వేళ్లు రాళ్ల కీళ్లను విప్పుచుండెను. కంటికింపైనది కట్టడమునకు చేటై యుండెను. నేడది వేల్సు ప్రభుత్వపు సంరక్షణలో నున్నది. ప్రేమ లేనిదే రక్షణకు పూనుకొనువారుండరు. కొలత లేనిదే ఆ ప్రేమ పోయిన వస్తువును తిరిగి చూపజాలదు. టర్నరు కుంచె మొదటిదానిని, మెకంజీ చిత్రకారుల సీసపు కడ్డీ రెండవదానిని ఇచ్చినవి.

మూడవది యొకటి గలదు. అది మీవంటి పెద్దలకు సంబంధించినది. మెకంజీ వెంట కావలి సోదరులుండిరి. వారు ఏలూరువారు: బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొఱ్ఱయ్య 1803లోనే అకాలమరణము నొందెను. అన్న మొదలిడిన పనిని లక్ష్మయ్య సాగించెను. వీరును, వీరి సహాయకులును గ్రామగ్రామమునకు పోయి, కరణముల కడనున్న కవిలెలను చూచి, దేవాలయ శాసనములను నకలు తీసి, వృద్ధులు చెప్పిన వృత్తాంతములను వ్రాసికొనిరి. అవియే కైఫీయతులు. 1800లో నైజాము కంపెనీవారికి వదలిన మన దత్తమండలముల గ్రామములకును కైఫీయతులున్నవి. చెరువును ఎవరు త్రవ్వించిరి, గుడి యెవరిచే ప్రతిష్ఠితము, ఏ దండు వచ్చినప్పుడు ఊరు పాడయ్యెను, మరల నెవరు కట్టిరి అను సంగతులు వానియందుండును. 1821లో మెకంజీ మరణించిన పిదప ఆ కాగితములు చెదపురుగుల పాలగుచుండగా, సి.పి. బ్రౌను దొర వానిలో పెక్కింటికి మరల ప్రతులు వ్రాయించెను. లేనియెడల మన ఊళ్ల చరిత్ర చాలవరకు మట్టిలో కలిసిపోయియుండెడిది.

ఆ కైఫీయతులకు కర్తలెవరు? మెకంజీ దొర కాడు; ఆయన అడిగించినవాడు. కావలివారును కారు, వారు వ్రాసికొనినవారు. చెప్పినవారు రచ్చబండమీద కూర్చున్న గ్రామ పెద్దలు. చిత్రకారుడు రాయిని గీయగలడు గాని, ఆ రాతిని జనులు ఏమని పిలుతురో, దానిముందు ఏ దినమున దీపము పెట్టుదురో, ఎవరి వంశమువారు పెట్టుదురో గీయలేడు. అది పెద్దల నోటినుండియే రావలెను. దీపాలదిన్నె యను పేరును మన్ను కప్పలేకపోయినది. జనుల నోరు దానిని కాపాడినది.

నా యనుభవమునుండి ఒక చిన్న సంగతి. నేను ఉపాధ్యాయుడనైయుండగా మా ప్రాంతపు ఒక గ్రామమున బావికడ ఒక వీరగల్లుండెను. దానిని పరుండబెట్టి బట్టలుతుకుచుండిరి. ఖడ్గము ధరించిన వీరుడును, పైన దేవకన్యలును, అడుగున అరిగిపోయిన తెలుగు అక్షరములు తొమ్మిది పంక్తులును అందుండెను. పిల్లలచే దానిని కడిగించి, పొడవు వెడల్పులు కొలిపించి, కనబడిన అక్షరములను కనబడినట్లే పలకలమీద వ్రాయించి, తరువాత పుస్తకమున కెక్కించితిమి. ఊరిలోని యొక వృద్ధుడు, పశువులను తోలుకొనిపోవు దొంగలతో పోరాడి మడిసినవాని రాయి యదియని తన తాతవలన విన్నట్లు చెప్పెను. ఆ మాటయు వ్రాసితిమి. కొన్ని యేండ్లకు బావి పూడినది, బాట వెడల్పైనది, రాయి పునాదిలోనికి పోయినది. నేడు ఆ వీరుడు మిగిలియున్నది పిల్లలు వ్రాసిన ఆ రెండు పుటలలోనే. వారిలో నొకనికి చిత్రకళ తెలియదు, శాసనలిపియు తెలియదు. ఐనను వారు చేసినది మెకంజీ చిత్రకారులు చేసిన పనియే.

అమరావతి వంటి మహాక్షేత్రములకు పండితులు వత్తురు, ప్రభుత్వములు పూనుకొనును. 1904 నుండియు ప్రాచీన కట్టడముల రక్షణకు మన దేశమున చట్టమున్నది. స్వాతంత్ర్యానంతరము 1958లో అంతకంటె విపులమైన చట్టము వచ్చినది. లేపాక్షికిని పెనుకొండకును యాత్రికులు వత్తురు. కాని మీ ఊరి చెరువుకట్టమీది శాసనమును చూచుటకు ఎవ్వరును రారు. పెరటిచెట్టు మందునకు రాదన్నట్లు, నిత్యము చూచు రాయికి విలువ లేకపోయినది. దేశమందలి చిన్న శిథిలములకెల్ల ఆ ఊరివారే కావలివారు.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ ఊరిలోని పాతగుడి, కోటగోడ, దిగుడుబావి, వీరగల్లు, శాసనస్తంభము వీనిలో నేదైన నున్నచో, బడిలోని ఒక పిల్లవానిని వెంటబెట్టుకొని ఒకనాడు దానికడకు పొండు. బొమ్మ గీయించుడు. ఛాయాచిత్రము తీయగలవారుండిన తీయించుడు. నేడది చేతిలోని ఫోనుతోనే కాగల పని. కొలబద్దను ప్రక్కన నుంచి తీసిన ఛాయాచిత్రము వట్టి ఛాయాచిత్రముకంటె పదింతలు విలువైనది. రాయి యే దిక్కునకు మొగమై యున్నదో, ఏ పొలమున నున్నదో వ్రాయించుడు. తరువాత మీకు తెలిసినది చెప్పి వ్రాయించుడు. కథయని తోచినను విడువవలదు. ఇది విన్నమాట, ఇది చూచినమాట యని వేరుచేసి వ్రాయించిన చాలును. తేదీ వేయుడు.

చేయరానివియు గొన్ని గలవు. శాసనాక్షరములు స్పష్టముగా కనబడుటకని ఉలితో చెక్కరాదు. రంగులు నింపరాదు. ఆమ్లములతో కడుగరాదు. జీర్ణోద్ధారణ పేరిట శిల్పములపై సున్నము దట్టముగ పూయరాదు. పాతరాయిని తీసి పలుగురాళ్ల గుట్టలో వేయుటకు ముందు, దానిమీద నేమైన అక్షరమున్నదేమో తడిచేతితో నొకసారి తడవి చూడవలెను. అక్షరములున్నచో తహసీలుదారునకు గాని, పురావస్తుశాఖకు గాని తెలుపవలెను. శాసనములను చదువువారు తడికాగితమును రాతిపై నద్ది, కుచ్చుబ్రుష్షుతో కొట్టి, సిరా పూసి అచ్చు తీయుదురు. రాతికి లేశమైనను హాని కలుగదు. మైసూరులోని కేంద్రప్రభుత్వ శాసనశాఖయందు ఇట్టి అచ్చులు వేలకొలదిగా భద్రపరుపబడియున్నవి. మీ ఊరి రాతికిని అచట చోటు గలదు.

దేవాలయమును క్రొత్తగా కట్టుకొనవలదని నా యభిప్రాయము కాదు. భక్తులున్నంతకాలము గుడులు మారుచునే యుండును. మన పూర్వులును పాతవానిపై క్రొత్తవి కట్టినవారే. ఐతే పాతదానిని తీయునప్పుడు దాని రూపును, కొలతను, కథను కాగితమున కెక్కించి తీయుటకు ఒకదినము చాలును. ఆ ఒక్క దినమును వెచ్చింపక మనము పోగొట్టుకొనునది అయిదారువందల యేండ్ల సొత్తు.

టింటర్ను మఠమున నాడు మ్రోగిన గంట మరల మ్రోగదు. అమరావతిలో దిబ్బ మరల లేవదు. ఐనను ఒక యువకుని నీటిరంగుల వలన ఆ మఠమును, పేరుపడని చిత్రకారుల రేఖల వలన ఆ చైత్యమును మనము నేడు కన్నుల గట్టినట్లు చూడగలుగుచున్నాము. మన ఊళ్ల గుడులకు టర్నరు రాడు, మెకంజీయు రాడు. వానికి మీరును, మీ మనుమలును ఉన్నారు. బడి సెలవులు వచ్చులోపుగా ఒక నోటుపుస్తకము కొని, మొదటి పుటపై మీ గ్రామము పేరు వ్రాయుడని ప్రార్థించుచు, ఇంతటితో నా ప్రసంగమును విరమించుచున్నాను.